టెక్సస్‌లో ఫ్రెండ్ పొలంలో తుపాకీ షూటింగ్ పెట్టుకునే ముందు

- ఇంటి ఇన్సూరెన్స్ పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. తూటాల ఖర్చుకేనంటూ మనిషికి 20 డాలర్లు వసూలు చేసినా, అది వ్యాపారమని క్లెయిమ్ తోసేయొచ్చు. ఏజెంటు ఫోన్లో "పర్లేదండీ" అంటే చాలదు, ఈమెయిల్లో రాయించుకోండి.

- ఒకరోజు ఈవెంట్ పాలసీ తీసుకుంటే తుపాకులు కవరయ్యాయో లేదో చూడండి. మెలికంతా అక్కడే. పొలం ఓనర్ని అదనపు ఇన్సూర్డ్‌గా, అంటే ఆ పాలసీ ఆయనకీ వర్తించేలా, చేర్పించండి.

- అందరి చేతా వేవర్ మీద, అంటే ఏమైనా జరిగితే దావా వేయబోమనే పత్రం మీద, సంతకం పెట్టించండి. అయితే మీది ఘోరమైన నిర్లక్ష్యమని తేలితే అది కాపాడుతుందని నమ్ముకోవద్దు. పిల్లల తరఫున అమ్మానాన్నలు పెట్టిన సంతకం మీద అసలే భరోసా వద్దు.

- ఊరి హద్దుల బయట కూడా, సబ్‌డివిజన్లలోని 10 ఎకరాలకు మించని స్థలాల్లో కాల్పులపై కౌంటీ ఆంక్షలు పెట్టొచ్చు. కనుక్కోండి.

- మనవాళ్లు మరిచేది ఇదే: హెచ్-1బి, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి లేనివాళ్లు "ఒక్క షాట్ బావా" అని ఎంత బతిమాలినా చేతికివ్వకండి. ఫొటో కోసమైనా సరే.

- బీర్లు తాగేది తుపాకులన్నీ పెట్టెల్లోకి వెళ్లాకే.