పొత్తిళ్ల పాప పతకం: తెల్లని తగరపు గ్లేజుతో ఉబ్బెత్తు శిల్పం చేసే పద్ధతి

ఫ్లోరెన్స్‌లోని ఇన్నొచెంతి అనాథ శిశుశాలను పట్టు వర్తకుల సంఘం కట్టించింది. దాని వసారా రూపకర్త బ్రూనెల్లెస్కి, పని 1419లో మొదలైంది. తొమ్మిది కమానుల మధ్య శిల్పి అంద్రేయా దెల్లా రొబ్బియా 1487 ప్రాంతంలో పది గుండ్రటి పతకాలు అమర్చాడు. ఒక్కోదానిలో నీలి నేల మీద పొత్తిళ్లలో చుట్టిన తెల్లని పసిపాప, చేతులు చాచి ఉంటుంది. ఈ పనికి మూలం అతని పినతండ్రి లూకా సాధించిన గ్లేజు, అంటే బట్టీలో కరిగి మట్టిని గాజులా కప్పే పూత. అదే తరహాలో 40 సెంటీమీటర్ల పతకం చేసే విధానం ఇది.

అందరూ గ్లేజు సూత్రం కోసం వెతుకుతారు. అసలు రహస్యం మట్టిలో ఉంది. దెల్లా రొబ్బియాలు వాడింది సున్నం ఎక్కువగా ఉన్న మట్టి. కాలాక అది లేత రంగుకు వస్తుంది, చల్లారేటప్పుడు గ్లేజుతో సమానంగా ముడుచుకుంటుంది. మన ఎర్రమట్టిని ఉన్నదున్నట్టు వాడితే ఆ పొందిక కుదరక గ్లేజు మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. కాబట్టి పొడి ఎర్రమట్టి 5.5 కిలోలు, మెత్తని కాల్షియం కార్బనేట్ 1.5 కిలోలు, కాలిన పెంకుల పొడి 1 కిలో కలపండి. తడిపితే దాదాపు 10 కిలోల ముద్ద వస్తుంది. కార్బనేట్‌ను 100 మెష్ (అంగుళానికి వంద కన్నాల) జల్లెడలో తప్పకుండా జల్లించాలి. గింజ మిగిలితే బట్టీలో అది పొడిసున్నమవుతుంది, కొన్నాళ్లకు గాలిలోని చెమ్మ పీల్చి ఉబ్బి పైపొరను పెచ్చుగా లేపేస్తుంది.

ముందు ఒక పలక చేసి, తడి మట్టి మీద 10 సెంటీమీటర్ల గీత గీసి, కాల్చి కొలవండి. గీత 9.2కి తగ్గితే పతకాన్ని 43.5 సెంటీమీటర్లకు మలచాలి.

పాపను, నీలి నేలను వేర్వేరు ముక్కలుగా చేయడం మేలు. అతుకు పాప చుట్టుగీత వెంట పోతే కనిపించదు, నీలం తెలుపులోకి పాకదు. పెద్ద ముక్కను కోయాల్సి వస్తే మొహం మీదుగా కాకుండా పొత్తిళ్ల మడతలో కోయండి. గ్లేజు దాదాపు 1 మిల్లీమీటరు మందాన కూర్చుంటుంది. సన్న గీతలు అందులో మునిగిపోతాయి. కనురెప్ప, పెదవి, మడతల లోతు మీకు ఇష్టమైనదానికన్నా కాస్త ఎక్కువే ఉంచాలి.

వేలితో నొక్కితే గుర్తు పడనంతగా మట్టి బిగిసాక వెనక్కి తిప్పి, ఎక్కడా మిగిలే మందం 2.5 సెంటీమీటర్లు మించకుండా లోపలి మట్టి తోడేయండి. తల, పొట్ట దగ్గర మందంగా వదిలేస్తే అక్కడే చెమ్మ దాగి ముక్క పేలుతుంది. తడిగుడ్డ, పైన ప్లాస్టిక్ కప్పి రెండు వారాలు నెమ్మదిగా ఆరనివ్వండి. అంచులు ముందు ఆరితే పలక గిన్నెలా వంగుతుంది.

మొదటి కాల్పు 100 డిగ్రీల లోపు కొన్ని గంటలు, తర్వాత 600 వరకు గంటకు 60 డిగ్రీల చొప్పున. 700 నుంచి 850 మధ్య మళ్లీ నెమ్మదించాలి. కార్బనేట్ విడిపోయి వాయువు బయటికి వచ్చేది ఆ దశలోనే. అది లోపల మిగిలితే రెండో కాల్పులో గ్లేజును చీల్చుకు వచ్చి సూదిబెజ్జాలు చేస్తుంది. 1040 దగ్గర అరగంట నిలపండి. 1100 దాటించకండి, సున్నం మట్టినే మెత్తబరిచి ముక్క వంగిపోతుంది.

గ్లేజుకు 1000 డిగ్రీలకు కరిగే సీసం లేని ఫ్రిట్ (ముందే కరిగించి నూరిన గాజు పొడి) 80 పాళ్లు, చైనా క్లే (తెల్ల బంకమట్టి) 10, టిన్ (తగరం) ఆక్సైడ్ 10. పాతకాలపు గ్లేజులో సీసం ఉండేది. దాని పొడి ఒంట్లోకి పోతే విషం కాబట్టి ఆ దారి వద్దు. మిగతా పొడులకూ మాస్కు తప్పనిసరి. నీళ్లు చిక్కటి మజ్జిగలా అయ్యేంత పోసి 80 మెష్‌లో వడకట్టండి. నీలానికి ఇదే గ్లేజులో కోబాల్ట్ కార్బనేట్ 2 శాతం కలపాలి. కోబాల్ట్ కాస్త అంటినా తెలుపు పాడవుతుంది, కుంచెలు విడిగా పెట్టుకోండి.

కాలిన ముక్కను తడి స్పాంజితో తుడిచి, ఆరాక పూయండి. దుమ్ము, వేలి జిడ్డు ఉన్నచోట గ్లేజు ముడుచుకుపోయి మట్టి బయటపడుతుంది. మందం ఎక్కువైనా అంతే. తగరం గ్లేజును చిక్కగా ఉంచుతుంది, అందుకే నిలువు అంచుల మీదా జారదు. వెనకవైపు, అతుకు అంచులు పూయకూడదు. రెండో కాల్పు 1000కి, తలుపు తెరిచేది 100 లోపుకు దిగాకే.

గ్లేజు ఎంత కాపాడుతుందో ఇటలీలోని పిస్టోయా ఊళ్లో చెప్పో ఆసుపత్రి వసారా మీద చూడొచ్చు. అక్కడ క్రైస్తవులు చెప్పే ఏడు దయాకార్యాలను చూపే శిల్ప ఫలకాల్లో ఆరింటిని 1520లలో సాంతి బుల్యోని గ్లేజుతో చేశాడు. దాహం తీర్చే ఏడోదాన్ని 1580లలో ఫిలిప్పో పలదీని గ్లేజు లేకుండా రంగులద్ది పూర్తి చేశాడు. కింద నిలబడి చూస్తే తేడా తెలిసిపోతుంది.

గోడకు బిగించేటప్పుడు సిమెంటు వద్దు. అది గట్టిగా పట్టేసి గోడ కదలికను ముక్కలకు పంపుతుంది, పైగా లవణాలు వదులుతుంది. సున్నం ఒకటి, సన్న ఇసుక మూడు పాళ్లు కలిపిన గచ్చు వాడండి. బరువు ముక్కలకు స్టెయిన్‌లెస్ కొక్కేలు ఉండాలి. అతుకుల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి మెత్తని సున్నపు ముద్దతో నింపండి. మన వానలకు ముఖ్యంగా పైఅంచు చూసుకోవాలి: నీళ్లు అక్కడి నుంచే వెనక్కి దిగి, లవణాలను ముందుకు తోసి గ్లేజును ఊడగొడతాయి. పతకం పైన గోడ నుంచి 4, 5 సెంటీమీటర్లు ముందుకు వచ్చే చూరు కట్టండి.