ఎయిర్ పిస్టల్ గ్రిప్ చేతికి కుదిరేదాకా: కొలవడం, గీయడం, నింపడం

కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తండి. చెయ్యి కుదురుకున్నాక కళ్లు తెరవండి. గొట్టం (బ్యారెల్) కొసన ఉండే ఫ్రంట్ సైట్, వెనక ఉండే రియర్ సైట్ గాడికి సరిగ్గా నడుమ, రెండింటి పై అంచులూ ఒకే వరసలో కనిపిస్తే గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే పిడి, కుదిరినట్టే. ఏ పక్కకో జరిగి ఉండి, మణికట్టు కాస్త తిప్పి మధ్యకు తెచ్చుకుంటున్నారంటే గ్రిప్ చేయాల్సిన పని మీ కండరాలు చేస్తున్నాయన్నమాట. 60 షాట్ల మ్యాచ్‌లో మొదటి ఇరవైకి ఆ సంగతి తెలియదు. నలభై దాటాక స్కోరే చెబుతుంది.

ఒక చిన్న లెక్క. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 320 మి.మీ. అనుకుందాం. ఫ్రంట్ సైట్ గాడిలో 1 మి.మీ. పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ కాల్చే చిన్న గుండు) దాదాపు 31 మి.మీ. తప్పుతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో ఒక రింగుకూ ఇంకో రింగుకూ మధ్య 8 మి.మీ. మాత్రమే. అంటే దాదాపు నాలుగు రింగులు పోయినట్టే. చెయ్యి మొత్తంగా కొద్దిగా ఊగినా ఇంత నష్టం ఉండదు. మణికట్టు దగ్గర పిస్టల్ తిరిగితేనే అసలు దెబ్బ.

గ్రిప్ చేతికి గ్లవ్ తొడిగినట్టు ఉండాలని చాలామంది చెబుతారు. ఆ మాట నమ్మి ప్రతి సందూ పుట్టీతో నింపినవాళ్లే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారు. చేతి కొలత రోజంతా ఒకేలా ఉండదు. మే నెల ఎండలో బండి నడుపుకుంటూ వచ్చినప్పుడు కాస్త ఉబ్బి ఉంటుంది, ఏసీ రేంజ్‌లో గంట నిలబడ్డాక తగ్గుతుంది. ఎక్కడా ఖాళీ లేని గ్రిప్‌లో ఉబ్బిన చెయ్యి ఇమడక కొత్తచోట కూర్చుంటుంది, దాంతో సైట్లు కదులుతాయి. నిజానికి తప్పక ఆనాల్సిన చోట్లు నాలుగే: బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందు, అరచేతి గుంట, మధ్యవేలూ ఉంగరపు వేలూ ఆనే ముందు భాగం, అరచేతి కింది అంచు కూర్చునే పామ్ షెల్ఫ్. మిగతాచోట్ల కాస్త గాలి ఆడినా నష్టం లేదు.

చెక్క మీద చెయ్యి వేసే ముందు

పోటీల్లో ఆడేవాళ్లు ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడల సమాఖ్య) నియమాలు గుర్తుపెట్టుకుని చెక్కాలి. లేకపోతే ఇంట్లో అద్భుతంగా కుదిరిన గ్రిప్, పోటీకి ముందు పిస్టళ్లు తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ బల్ల దగ్గర ఆగిపోతుంది. గ్రిప్‌లో ఏ భాగమూ మణికట్టును తాకకూడదు, చేతి చుట్టూ చుట్టుకోకూడదు. పామ్ షెల్ఫ్ గ్రిప్‌తో చేసే కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. షెల్ఫ్ అంచుగానీ బొటనవేలి రెస్ట్ గానీ పైకి వంపు తిరగకూడదు, బొటనవేలికి ఎదురు వైపు అంచు కిందికి వంగకూడదు. బొటనవేలు పైకి స్వేచ్ఛగా లేవగలగాలి. పిస్టల్ మొత్తం 420 × 200 × 50 మి.మీ. పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. ఇందులో చాలామందికి తగిలేది ఆ 50 మి.మీ. వెడల్పు. అరచేతి వైపు కాస్త, బొటనవేలి వైపు కాస్త పుట్టీ వేసుకుంటూ పోతే తెలియకుండానే 52కు చేరుతుంది. దగ్గర ఒక వెర్నియర్ కాలిపర్ పెట్టుకోండి.

పెల్లెట్ లేదని చూసి, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల ఖాళీ అని చూపే రంగు తీగ) పెట్టాకే పని మొదలుపెట్టండి. గ్రిప్ విప్పకుండా గీయొద్దు. చెక్క పొడి ట్రిగ్గర్ మెకానిజంలోకి పోతే తర్వాత వచ్చే తంటాలన్నీ గ్రిప్ వల్లేనని పొరబడతారు. మొదలుపెట్టే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, స్క్రూలు ఎన్ని మలుపులు బిగించి ఉన్నాయో రాసిపెట్టుకోండి.

సైజు

మోరిని, స్టైర్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, రింక్ లాంటి తయారీదారులు గ్రిప్‌లను స్మాల్, మీడియం, లార్జ్ అని అమ్ముతారు. కొందరి దగ్గర ఎక్స్‌ట్రా స్మాల్ కూడా దొరుకుతుంది. ఒకరి మీడియం ఇంకొకరి మీడియంతో సమానం కాదు కాబట్టి అక్షరం చూసి కొనొద్దు. ఎ4 కాగితం మీద చెయ్యి పెట్టి, వేళ్లు కొద్దిగా విడదీసి, పెన్సిల్ నిటారుగా పట్టి చుట్టూ గీయండి. పెన్సిల్ లోపలికి వాలితే వేళ్లు సన్నగా వస్తాయి, కొలత తప్పుతుంది. ఆ గీత మీద చేతి సందు నుంచి మధ్యవేలి కొస వరకూ, వేళ్ల మొదళ్ల దగ్గర అరచేతి వెడల్పూ కొలిచి, తయారీదారు పట్టికతో సరిచూడండి. చెక్క గ్రిప్ ప్రత్యేకంగా చేసే రింక్ లాంటివాళ్లు అడిగేదీ ఇలాంటి గీతే. ఎడమచేతివాళ్లు ఎడమచేతి గ్రిప్పే తెప్పించుకోవాలి, కుడిచేతిది చెక్కి సరిచేయడం కుదరదు.

గ్రిప్ పట్టి చూసే అవకాశం ఉంటే ఇంకా మేలు. ఎడమ చేత్తో బ్యారెల్ పట్టుకుని, కుడిచేతి సందును గ్రిప్ వెనక పైభాగంలోకి నేరుగా నెట్టండి. ఆ తర్వాతే వేళ్లు చుట్టండి. ముంజేయి, బ్యారెల్ పైనుంచి చూస్తే ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద కూర్చోవాలి. వేలి కొస మాత్రమే అందుతూ, ఇంకాస్త అందుకోవడానికి అరచెయ్యి కుడివైపుకు తిరిగిపోతుంటే గ్రిప్ పెద్దది. మధ్యవేలి కొస వచ్చి బొటనవేలి కింది కండను తాకుతుంటే, చూపుడు వేలి మడత ట్రిగ్గర్ మీదికి వస్తుంటే చిన్నది.

రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నదే తీసుకోండి. పెద్దది తీసుకుని చెక్కుకోవచ్చు కదా అనే సలహా తరచూ వినిపిస్తుంది. పుట్టీ నచ్చకపోతే గీకేయొచ్చు, చెక్కేసిన కర్ర తిరిగి రాదు. పైగా పెద్ద గ్రిప్‌లో ట్రిగ్గర్ దూరం తగ్గించాలంటే వెనక భాగం లోతుగా తీయాలి, అక్కడ కర్ర పలచబడి స్క్రూ రంధ్రం దగ్గర పగులుతుంది.

పరీక్ష, దాని అర్థం

కళ్లు మూసుకుని ఎత్తే పరీక్ష పదిసార్లు చేయండి. ప్రతిసారీ పిస్టల్ కింద పెట్టి, గ్రిప్ కొత్తగా పట్టుకోవాలి. ఫలితం కాగితం మీద రాయండి. పదిలో ఏడెనిమిది ఒకే వైపు తప్పితేనే అది గ్రిప్ సమస్య. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోతుంటే మీరు పట్టుకునే తీరే ఇంకా నిలకడగా లేదు, చెక్క జోలికి పోవద్దు. సైట్లు గాడిలో సరిగ్గా ఉండి మొత్తం పిస్టల్ టార్గెట్‌కు పక్కన చూపిస్తుంటే జరపాల్సింది పాదాలు. ఈ రెండూ కలగాపులగం చేసుకుని గ్రిప్ పాడుచేసుకున్నవాళ్లు తక్కువేం కాదు.

కింది సూచనలు కుడిచేతివాళ్లకు. ఎడమచేతివాళ్లు కుడి ఎడమలు తారుమారు చేసుకోవాలి.

ఫ్రంట్ సైట్ గాడిలో కుడికి జరిగి ఉందంటే పిస్టల్ ముక్కు కుడికి తిరిగింది. అరచేతి గుంటలో కూర్చునే కుడి వెనక ఉబ్బు ఎక్కువైంది, లేదా ఎడమ వెనక బొటనవేలి కింది కండ దగ్గర ఆధారం చాల్లేదు. ఎడమకు జరిగి ఉంటే దీనికి తిరగేసి చూడండి: కుడి వెనక నింపాలి, లేదా ఎడమ వెనక తగ్గించాలి. ఫ్రంట్ సైట్ కిందికి పోతే గ్రిప్ అడుగు ఇంకాస్త వెనక్కి వాలాలి. పైకి లేస్తే అడుగు ముందుకు రావాలి. ఇప్పటి స్టైర్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ పై శ్రేణి మోడళ్లలో ఈ కోణాలు అలెన్ కీతో మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. అది ఉంటే ముందు స్క్రూ, ఆ తర్వాతే ఆకురాయి. ఒకేసారి రెండు కోణాలు మార్చొద్దు.

స్క్రూలు లేకపోయినా వెంటనే గీయాల్సిన పని లేదు. నింపాలనుకున్నచోట ముందు గుడ్డ టేపు రెండు పొరలు అతికించి పరీక్ష మళ్లీ చేయండి. ఇంకొంచెం మందం కావాలంటే పిల్లల ఆటమట్టి బాగా పనికొస్తుంది. టేపుతో సైట్ మధ్యకు వస్తే ఎక్కడ, ఎంత అన్నది తెలిసిపోయినట్టే.

గీయడం

ఎక్కడ ఎక్కువ ఒత్తుతుందో కంటికి కనపడదు. అరచేతికి సుద్దపొడి పలచగా రాసుకుని, గ్రిప్ మామూలుగా పట్టుకుని, అరనిమిషం గురిపెట్టి దించండి. ముదురు రంగు వాల్‌నట్ మీద తెల్లటి మచ్చలు తేలతాయి. బాగా దట్టంగా అంటినవి ఒత్తుడు చోట్లు. పది షాట్ల తర్వాత చేతిమీద ఎర్రగా కందిన గుర్తులు కూడా అదే చెబుతాయి.

సగం గుండ్రటి ఆకురాయితో మొదలుపెట్టి, 80 నంబరు ఎమరీ పేపరు, తర్వాత 120 వాడండి. ఒకసారికి అర మిల్లీమీటర్ కన్నా ఎక్కువ తీయొద్దు. గ్రిప్ బిగించి, పరీక్ష చేసి, మళ్లీ విప్పాలి. విసుగ్గానే ఉంటుంది, కానీ దగ్గరదారి లేదు. డ్రెమెల్ లాంటి మోటారు పనిముట్టుతో చేస్తే రెండు సెకన్లలో తీయకూడనంత లోతుకు పోతుంది. వాల్‌నట్ పొడి కొందరికి ముక్కు, గొంతు మండిస్తుంది, కాబట్టి మాస్క్ కట్టుకోండి.

చూపుడు వేలు వెళ్లే దారిని ప్రత్యేకంగా చూడాలి. వేలికీ చెక్కకూ మధ్య పెన్సిల్ పట్టేంత సందు ఉండాలి. వేలు చెక్కకు రాసుకుంటే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో పిస్టల్ ఎడమకు తోసుకుపోతుంది. ఇది ట్రిగ్గర్ తప్పులా కనిపిస్తుంది, నెలల తరబడి డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేసినా పోదు, ఎందుకంటే అడ్డం అక్కడే ఉంటుంది.

నింపడం

మన దగ్గర హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ఎం-సీల్ లాంటి రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ సరిపోతుంది. నింపేచోట పాలిష్ పోయేదాకా 80 నంబరు పేపరుతో గరుకు చేసి, స్పిరిట్‌తో తుడవండి. నూనె మరక మీద వేసిన పుట్టీ నెల రోజుల్లో పెచ్చులా ఊడుతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, రెండు భాగాలూ సమానంగా తీసుకుని, చారలు కనపడకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసకండి. చారలు మిగిలితే ఆ చోట మెత్తగానే ఉండిపోతుంది.

గ్రిప్‌ను పిస్టల్‌కు బిగించి, ఫ్రేమ్ మీద, స్క్రూ రంధ్రం మీద టేపు అంటించి, పుట్టీ పెట్టండి. పైన వంటింట్లో వాడే పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి, గురిపెట్టే భంగిమలోనే నిలబడి పట్టుకోండి. కుర్చీలో కూర్చుని పట్టుకుంటే మణికట్టు కోణం మారి అచ్చు తప్పుగా పడుతుంది. మూడు నాలుగు నిమిషాలు చాలు. చెయ్యి తీసి, పిస్టల్ పక్కన పెట్టి, రాత్రంతా కదపొద్దు.

మర్నాడు ఉన్నది ఉన్నట్టు వాడొద్దు. అది బిగించి పట్టిన చేతి అచ్చు. చుట్టూ అర మిల్లీమీటర్ వరకూ గీసి, వేళ్ల మధ్య లేచిన గట్లన్నీ తీసేయండి. ఆ గట్లు వేలిని ఒకేచోట బంధిస్తాయి, చెయ్యి ఉబ్బిన రోజు వేలు అక్కడ కూర్చోదు.

పామ్ షెల్ఫ్, తర్వాత ట్రిగ్గర్

షెల్ఫ్‌ను చివర సర్దాలి. చెయ్యి పైన పూర్తిగా కూర్చున్నాక, షెల్ఫ్ పైకి జరుపుతూ అరచేతి కింది అంచును తాకగానే ఆపండి. మధ్యలో కాగితం ముక్క పెడితే కాస్త రాసుకుంటూ బయటికి రావాలి. ఇంకా బిగిస్తే మొదట గట్టిగా, భరోసాగా అనిపిస్తుంది. పదిహేను నిమిషాల తర్వాత చెయ్యి మెత్తబడి, షెల్ఫ్ దాన్ని పైకి నెడుతుంటే టార్గెట్ మీద పెల్లెట్లు పడే గుంపు నెమ్మదిగా జరుగుతుంది. మ్యాచ్ మధ్యలో సైట్ క్లిక్కులు (సైట్‌ను కొద్దికొద్దిగా జరిపే స్క్రూ మెట్లు) మార్చాల్సివచ్చే వాళ్లు ముందుగా అనుమానించాల్సింది ఈ స్క్రూనే.

ట్రిగ్గర్ బ్లేడ్‌ను ముందుకు వెనక్కి జరిపి, వేలి మధ్య కణుపు తర్వాతి ముక్క బ్యారెల్‌కు దాదాపు లంబంగా వచ్చేలా పెట్టండి. నొక్కుడు నేరుగా వెనక్కి పోవాలి. మధ్యవేలు, ఉంగరపు వేలు అదే దిశలో వెనక్కి ఒత్తాలి. బొటనవేలు, చిటికెన వేలు ఊరికే ఆని ఉంటే చాలు. ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం, కనీసం 500 గ్రాములు ఉండాలన్న నియమం ఉంది కాబట్టి, బ్లేడ్ జరిపాక ఆ బరువు మళ్లీ తూచుకోవాలి.

పైపూత, పరీక్షా కాల్పులు

గీసిన చోట 240 నంబరు పేపరుతో నునుపు చేసి, చెమటకు జారకుండా అరచేతి భాగంలో మాత్రం కాస్త గరుకు వదిలేయండి. బాయిల్డ్ అవిసె నూనె పలచగా రెండుసార్లు, మధ్యలో ఒక రోజు ఆరనిచ్చి రాస్తే చాలు. ఆ నూనె గుడ్డను ఉండగా చుట్టి చెత్తబుట్టలో పడేయొద్దు, తనంతట తాను వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరుబయట ఆరేయాలి.

పాత గ్రిప్ పాడైపోయి స్థానిక వడ్రంగి చేత కొత్తది చేయించుకోవాలనుకుంటే రోజ్‌వుడ్ లాంటి గట్టి కర్ర ఎంచుకోండి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొనికి చెక్కడానికి సుఖంగా ఉంటుంది గానీ మెత్తన, స్క్రూ బిగింపుకు నిలవదు.

గ్రిప్ మారిందంటే సైట్ జీరో (గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా చేసిన సైట్ సర్దుబాటు) కూడా మారుతుంది. మొదట 50 డ్రై ఫైర్లు, తర్వాత పదేసి షాట్ల ఐదు గుంపులు వేయండి. క్లిక్కులు మూడో గుంపు దాకా ముట్టుకోవద్దు. గుంపు బిగువుగా ఉండి కేంద్రానికి పక్కన పడితే క్లిక్కులతో సరిచేయండి. గుంపు అడ్డంగా సాగితే వేలి సందు, కుడి ఎడమ ఆధారాలు చూడండి. నిలువుగా సాగితే షెల్ఫ్, చేతి సందు ఎత్తు చూడండి. ఒక మార్పు చేశాక కనీసం నాలుగు సెషన్లు దానితోనే ఆడాలి. మొదటి రోజు అంతా వింతగానే ఉంటుంది, రెండో రోజు అతిగా బాగుంటుంది. ఆ రెండు రోజుల స్కోరూ లెక్కలోకి తీసుకోవద్దు.