సోవియట్ విజయ పతకాన్ని విశాఖ ఉప్పుగాలి నుంచి కాపాడుకోవడం

ఉక్కు కర్మాగారం నిర్మాణానికి వచ్చిన సోవియట్ ఇంజినీర్ల జ్ఞాపికగానో, నాణేల సేకర్తల ద్వారానో ‘జర్మనీపై విజయం’ పతకం మీ ఇంటికి చేరి ఉంటే, దానిని తోమి మెరిపించాలన్న ఆలోచనను ముందుగా విడిచిపెట్టండి. ఇత్తడి చెంబులకు మేలు చేసే చింతపండు పులుపు దీనికి హాని చేస్తుంది. అలా తోమిన పతకాన్ని ఒకదానిని నేను చూశాను. స్టాలిన్ మీసం, కాలరు గీతలు అరిగిపోయి ముఖం నున్నటి బిళ్లగా మిగిలింది.

మొదట పతకాన్ని గుర్తించండి. 1945 మే 9న నెలకొల్పిన ఇది 32 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల. దీనిపై స్టాలిన్ ఎడమవైపు చూస్తుంటాడు. కుడివైపు చూస్తుంటే అది జపాన్‌పై విజయానికి ఇచ్చిన పతకం. రిబ్బనుపై మూడు నల్ల చారలు, రెండు నారింజ చారలు ఉంటాయి. చుట్టూ ఉన్న రష్యన్ అక్షరాలకు ‘మన పక్షం న్యాయమైనది, మనం గెలిచాం’ అని అర్థం. 1941 జూన్ 22న, జర్మనీ సోవియట్ యూనియన్‌పై దాడి చేసిన రోజునే, సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటొవ్ రేడియోలో ‘మన పక్షం న్యాయమైనది, విజయం మనదే అవుతుంది’ అన్నాడు. నాటి భవిష్యత్ కాలం ఈ ఇత్తడిపై భూతకాలమైంది. అందుకే ఆ అక్షరాల అంచులు చెక్కుచెదరకుండా ఉండాలని నా పట్టుదల.

కురుసుర జలాంతర్గామి నిలిచిన బీచ్ రోడ్డు పరిసరాలలో గాలిలోని ఉప్పు, తేమ కలిసి ఇత్తడిపై పచ్చటి చిలుము పుట్టిస్తాయి. నూలు చేతితొడుగులు వేసుకుని, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి. పొడిపొడిగా రాలే చిలుము కనిపిస్తే, దానిని చెక్క పుల్లతో నెమ్మదిగా తొలగించండి. రిబ్బనుకు నీరు తగలనివ్వవద్దు, ఎండలో ఉంచవద్దు.

తరువాత ఆమ్లరహిత కాగితంలో చుట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టండి. రంగు మారే రకం జెల్ అయితే, వానాకాలంలో నెలకొకసారి చూసి, మారినప్పుడు వేడిచేసి ఆరబెట్టాలి. దినపత్రిక కాగితం, రబ్బరు బ్యాండు, పీవీసీ కవరు దగ్గరకు రానివ్వకండి.

పతకంతో పాటు ఇచ్చిన చిన్న ధ్రువపత్రం ఉంటే, దానిని అదే డబ్బాలో విడి కవరులో ఉంచండి. దాదాపు 1 కోటి 49 లక్షల మందికి ఇచ్చిన ఈ పతకంపై సంఖ్య గానీ పేరు గానీ ఉండవు. ఆ కాగితం పోతే, దానిని ధరించిన సైనికుడెవరో చెప్పే ఆధారం పతకంలో ఎక్కడా దొరకదు.