సెకండ్ హ్యాండ్ కారులో మాడి నున్నబడిన బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు బాగుచేసుకోవడం

కొన్న పాత కారుకి పెడల్ గట్టిగానే తగులుతోంది, బండి మాత్రం అనుకున్న చోట ఆగట్లేదు, పైగా కీచుమంటోంది అంటే ముందు చక్రాల ప్యాడ్లు విప్పి చూడండి. మంచి ప్యాడ్ ముఖం మసకగా, కాస్త గరుకుగా ఉంటుంది. మాడినదైతే నిగనిగలాడుతుంది, గోరు పెడితే జారిపోతుంది. లైనింగ్‌ని (ప్యాడ్ మీద అరిగే పొరని) పట్టి ఉంచే రెసిన్ అనే జిగురు అతిగా వేడెక్కి పైన గట్టి పొరలా తయారవుతుంది. తిరుమల ఘాట్ మీద గేరు తగ్గించకుండా కిందిదాకా బ్రేక్ తొక్కే దింపితే ఇంతే మరి.

చదునైన చోట వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో లేపి, కింద స్టాండ్ పెట్టండి, ఒట్టి జాకీని నమ్మొద్దు. చక్రం తీశాక చాలా బండ్లలో కాలిపర్ (చక్రంతో తిరిగే డిస్క్‌కి ప్యాడ్లని రెండు పక్కలా నొక్కే భాగం) కింది బోల్టు విప్పి పైకెత్తితే ప్యాడ్లు చేతికొస్తాయి. కాలిపర్ మొత్తం తీయాల్సి వస్తే తీగతో పైన కట్టండి, రబ్బరు గొట్టం మీద బరువు పడకూడదు.

లైనింగ్ 3 మిల్లీమీటర్ల కంటే పలచబడినా, పగిలినా, ఆయిల్ తాగినా ఇక రుద్దడం దండగ, రెండు వైపులా కొత్తవి వేసేయండి. బాగుంటే 80 నంబర్ వాటర్ పేపర్‌ని టైల్ మీద పరిచి, కొంచెం తడిపి, మెరుపంతా పోయి ఒకే తీరుగా మసకబారే దాకా రుద్ది ఆరబెట్టండి. మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ముని గాలికొట్టి ఎగరగొట్టొద్దు. డిస్క్‌ని 120 నంబర్ పేపర్‌తో రెండు పక్కలా అడ్డదిడ్డంగా రుద్ది బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. పగుళ్లున్నా, వేడికి నీలి మచ్చలు పడినా, దాని మీద చెక్కి ఉన్న కనీస మందం కంటే అరిగినా మార్చాల్సిందే, లేత్ మీద పెట్టించి ఇంకా పలచన చేయించకండి.

చాలామంది ఇక్కడితో మూసేస్తారు, మళ్లీ నెల తిరక్కుండానే అదే కీచు. అసలు ఎందుకు మాడాయో చూడాలి కదా! కాలిపర్ జరిగే పిన్నులు లాగి చూడండి, పాత బండ్లలో అవి ఎండిపోయి బిగుసుకుని ఉంటాయి, కాలు తీసినా ప్యాడ్ డిస్క్‌ని వదలదు. లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ వేర్వేరుగా అరిగుంటే అనుమానం ముందు పిన్నుల మీదే. తుడిచి సిలికాన్ బ్రేక్ గ్రీజు రాయండి, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. కాలిపర్‌లో ప్యాడ్‌ని నెట్టే పిస్టన్‌ని లోపలికి నొక్కితే మెల్లగా వెనక్కి వెళ్లాలి. నెట్టేటప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగకుండా ఒక కన్నేసి ఉంచండి, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. పిస్టన్ కదలనంటే అది మెకానిక్ పని.

అన్నీ బిగించాక, బండి కదిలించకముందే పెడల్ గట్టిపడే దాకా తొక్కండి, లేదంటే మొదటిసారి తొక్కినప్పుడు బ్రేకే ఉండదు. ప్యాడ్లు డిస్క్‌కి కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి, పూర్తిగా ఆపకుండా, ఓ ఎనిమిది పది సార్లు తగ్గించండి, మధ్యలో కాస్త చల్లారనివ్వండి. కొంచెం మాడు వాసన వస్తే భయం లేదు. తర్వాత వీలైనంత తక్కువ బ్రేకుతో పది నిమిషాలు తిప్పి, ఆగాక రెండు ముందు చక్రాల దగ్గరా ముట్టుకోకుండా చెయ్యి పెట్టి చూడండి. ఒక వైపే ఎక్కువ సెగ కొడుతుంటే ఆ కాలిపర్ ఇంకా పట్టేస్తోందన్నమాట, చక్రం మళ్లీ విప్పాల్సిందే.