కాలువ గట్టు మీద నడకదారి: టైల్సు కన్నా ముందు నీటి సంగతి చూడండి

మా నాన్నగారు జలవనరుల శాఖలో లస్కరు, అంటే కాలువ నీటినీ గట్టునూ కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి. నేనూ అదే శాఖలో వర్కు ఇన్‌స్పెక్టరుగా చేరి, పదవీ విరమణ దాకా గోదావరి పశ్చిమ డెల్టా కాలువల మీదే పనిచేశాను. ఇప్పుడు మా పట్టణంలో పొద్దున్నే నడిచేవాళ్లు, పిల్లల్ని సైకిలు మీద బడికి పంపే తల్లిదండ్రులు వచ్చి, "మా పేటకూ ఒక దారి కావాలండీ, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

గోదావరి డెల్టాలో ఏ దారినైనా చివరికి పాడుచేసేది నీరే. వాన నీరు ఎటు జారుతుంది, కాలువ నీరు ఎక్కడ ఊరుతుంది, వీధి మురుగు ఎక్కడ అడ్డొస్తుంది అన్న మూడూ తేలకుండా టైల్సు రంగు గురించి, బల్లల గురించి మాట్లాడటం దండగ. డబ్బు పోసి వేసిన దారులు రెండు వానాకాలాలకే కుంగిపోవడం నేను చాలా చోట్ల చూశాను. కారణం ప్రతిచోటా ఇంచుమించు ఇదే.

కొత్త దారి కోసం వెతక్కండి

మన పట్టణాల్లో నడవడానికి తగిన చోటు ఇప్పటికే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన ప్రధాన కాలువలు సాగుకే కాదు, పడవల రాకపోకలకూ ఉద్దేశించినవి. గాలి అనుకూలించనప్పుడు పడవకు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగేవారు. అంటే ఆ గట్లు మొదటి నుంచీ నడిచే దారులే. గట్లు కాక పుంతలు ఉన్నాయి. ఒకప్పుడు బళ్లు తిరిగిన ఈ పుంతలు పట్టణం పెరిగి, ఇప్పుడు ఇళ్ల వెనక తుప్పల్లో కలిసిపోయాయి. గ్రామ నక్షా తీయించి సర్వేయరును పక్కన పెట్టుకుని చూడండి. కాలువ పోరంబోకు ఎంత వెడల్పు, పుంత ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుంది అన్నది ఆ కాగితం మీద దొరుకుతుంది.

నక్షా చేతికొచ్చాక మనుషుల్ని చూడండి. తెల్లవారుజామున రొయ్యల ఫ్యాక్టరీ బస్సు కోసం వెళ్లే ఆడవాళ్లు, పాల క్యాన్లు కట్టుకున్న సైకిళ్లు, బడి వేళకు పరుగెత్తే పిల్లలు ఎటు వెళ్తున్నారో గమనించండి. గడ్డిలో సన్నగా గీత పడిన చోటే దారి పడాలి. సాయంత్రం షికారుకు వచ్చేవాళ్ల కోసం మాత్రమే వేసిన దారికి నాలుగు నెలల తర్వాత దిక్కు ఉండదు. పనికి, బడికి, రేవుకి పోయేవాళ్లు తొక్కే దారిని మాత్రం వాళ్లే కనిపెట్టుకుని ఉంటారు.

గట్టు ఎవరిది?

మన ఇంటి ముందున్నంత మాత్రాన గట్టు మున్సిపాలిటీది కాదు. సాగు కాలువ గట్టు జలవనరుల శాఖది. మురుగు కాలువ గట్టు అదే శాఖలోని డ్రైనేజీ విభాగం చేతిలో ఉంటుంది. పట్టణం లోపలి పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వారిది కావచ్చు. దారి ఈ ముగ్గురి హద్దులూ దాటుతుంటే ముగ్గురి నుంచీ నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. మాట మీద ఎవరైనా సరేనంటారు, కాని అధికారి బదిలీ అయిన రోజున ఆ మాట కూడా ఆయనతో పాటే పోతుంది. సాగునీటి నిర్వహణలో రైతులకు పాత్ర ఇచ్చిన 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాల వారినీ కలవండి. మీ గట్టు తెగితే మునిగేది వాళ్ల చేలే కనుక, వాళ్లు అడిగే ప్రశ్నలు గట్టివి.

శాఖ వాళ్లు అనుమతికి వెనకాడేది ఎందుకో నాకు లోపలి నుంచి తెలుసు. వేసవిలో కాలువలు కట్టేశాక, అంటే నీళ్లు ఆపేశాక, పూడిక తీయడానికి ప్రొక్లెయినర్ గట్టు మీదే నడవాలి. మీరు దారి పొడవునా సిమెంటు బల్లలు, రెయిలింగు, పూల కుండీలు పెడితే ఆ యంత్రం వాటిని తొక్కుకుంటూ పోతుంది, తప్పు ఎవరిదీ కాదు. అందుకే దరఖాస్తులోనే రాయండి: బల్లలన్నీ కాలువకు ఎదురు వైపు, అంటే బయటి అంచున ఉంటాయి, దారికి అడ్డంగా పెట్టే స్తంభాలు తాళం తీసి ఎత్తివేయగలిగినవి, ఒక తాళం చెవి లస్కరు దగ్గర ఉంటుంది. ఈ మూడు మాటలు ఉన్న దరఖాస్తుకు జవాబు త్వరగా వస్తుంది.

గట్టు మీద గుడిసెలు వేసుకుని దశాబ్దాలుగా ఉంటున్న కుటుంబాలు ఉంటాయి. నడకదారి పేరు చెప్పి వాళ్లను లేపించాలని చూసేవారికి నేను సహకరించను. అక్కడ అవతలి గట్టుకు మారండి, లేదా ఆ నాలుగు బారల మేర దారిని సన్నం చేయండి. వాళ్ల ఇంటి ముందు దీపం వెలిగితే ఆ దారికి కాపలా వాళ్లే అవుతారు. చాకిరేవులకు, స్నానాల రేవులకు దిగే మెట్లను కూడా ఎక్కడా మూయకండి.

మట్టి పని

మన మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే పగలక మానదు. పని జరగాల్సింది కాలువలు కట్టేసిన వేసవిలో, జూన్‌లో నీళ్లు వదిలే లోపు.

ముందు గట్టు పైభాగం మీది గడ్డి, వేళ్లు, ప్లాస్టిక్ అన్నీ గీకించండి. వెడల్పు చాలక పక్కన కొత్త మట్టి పోయాల్సి వస్తే, పాత వాలును మెట్లు మెట్లుగా కోసి, ఆ మెట్ల మీద పోయించాలి. నున్నటి వాలు మీద కుమ్మరించిన మట్టి మొదటి పెద్ద వానకే పెచ్చులా ఊడి వస్తుంది. ఒక్కో పొర జానెడు మందం మించకూడదు. రోలరు తిరిగే ముందు మట్టిలో తడి ఎంతుందో చూడాలి. పిడికెడు తీసి గట్టిగా పిసకండి. ఉండ కట్టాలి, కాని అరచేతికి తడి అంటకూడదు. ఆ ఉండను నడుమెత్తు నుంచి వదిలితే మూడు నాలుగు ముక్కలవ్వాలి. పొడిపొడిగా రాలిందంటే నీళ్లు చల్లించండి. పడిన చోటే ముద్దగా అతుక్కుంటే ఒక పూట ఆరనివ్వండి. ప్రయోగశాల పరీక్ష ఎలాగూ ఉంటుంది, కాని రోజూ దగ్గర నిలబడేవారికి ఈ పరీక్షే దిక్కు. కాలువ అంచుకు మీటరు దూరం లోపలికి బరువైన రోలరును రానివ్వకండి, అంచు జారిపోతుంది.

దాని మీద ఎర్ర గ్రావెలు పరిచి తడిపి తొక్కించండి. వాలు కాలువ వైపు ఉండకూడదు, బయటి వైపు ఉండాలి. రెండు మీటర్ల వెడల్పుకు అయిదు సెంటీమీటర్ల వాలు సరిపోతుంది. మేస్త్రీ దగ్గరుండే నీళ్ల గొట్టం చాలు కొలవడానికి. వాన నీరు కాలువలోకి జారితే లోపలి గట్టు కోసుకుపోతుంది. అంతకన్నా ముఖ్యం, మన పట్టణాల మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువల నుంచే. దారి మీది పేడ, ఉమ్మి, నూనె మరకలు కడిగిన నీరు అందులో కలవకూడదు.

ఇక్కడ ఆగండి. ఒక వానాకాలం పూర్తిగా గ్రావెలు మీదే నడవండి. ఎక్కడ కుంగింది, ఎక్కడ నీళ్లు నిలిచాయి, ఎక్కడ వాన కోతలు పడ్డాయి అన్నది ఆ ఏడాది సార్వా (వానాకాలపు వరి) కోతలయ్యే నాటికి కళ్ల ముందు ఉంటుంది. వాటిని సరిచేశాక పైపూత గురించి ఆలోచించవచ్చు. కౌన్సిలర్లకు, దాతలకు ఈ ఆలస్యం నచ్చదు. అయినా పట్టుబట్టండి. కొత్త గట్టు మీద తొందరపడి పరిచిన పేవర్ బ్లాకులు మీరూ చూసే ఉంటారు: ఒక మూల తొక్కితే రెండో మూల లేచి, కింది బురద నీళ్లు చీర కుచ్చిళ్ల మీదకు చిమ్ముతాయి. పేవర్లే కావాలంటే 60 మిల్లీమీటర్ల మందం తగ్గకుండా, ఇసుక పాన్పు మీద, రెండు అంచులా కాంక్రీటు పట్టీ కట్టించి వేయించండి. అంచు పట్టీ లేకపోతే ఇసుక జారి వరసలు విచ్చుకుంటాయి. కాంక్రీటు వేస్తే పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డగీతలు గీయించండి. నున్నటి పలకలు మాత్రం వద్దు. శ్రావణం వచ్చేసరికి పాచి పట్టి, పెద్దవాళ్ల తుంటి ఎముకలు విరుగుతాయి.

వీధి నీరు దారిని దాటే చోట తూము పెట్టాలి. సన్నటి పైపులో గుర్రపుడెక్క తీగలు, సంచులు ఇరుక్కుంటాయి. నా అనుభవంలో 45 సెంటీమీటర్ల లోపు పైపు వేస్తే శుభ్రం చేయడానికి మనిషి చేయి, గడ ఆడవు.

వెడల్పు, వంతెనలు, సైకిళ్లు

నివాస ప్రాంతాల్లో అడ్డంకులు లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. సైకిళ్లు కూడా అదే దారిన వెళ్తే నేను 2.5 మీటర్లకు తగ్గనివ్వను. మన సైకిలంటే ఒట్టి సైకిలు కాదు, వెనక పచ్చగడ్డి మోపో, కొబ్బరి గెలలో ఉంటాయి.

ఆటోలు, కార్లు ఎక్కకుండా మొదట్లో స్తంభాలు పెట్టండి. మధ్య సందు 1.2 మీటర్లు ఉంటే చక్రాల కుర్చీ, సైకిలు వెళ్తాయి, దాదాపు 1.3 మీటర్ల వెడల్పుండే ఆటో పట్టదు. మోటారు సైకిలును ఆపే స్తంభం మాత్రం లేదు. దాన్ని ఆపాలని సందును ఇరుకు చేస్తే బండి నడిపేవాడు పక్క నుంచి దూరతాడు, కుర్చీలో ఉన్న మనిషి ఆగిపోతాడు. అక్కడ పనిచేసేది బడి వేళల్లో ఇద్దరు పెద్దమనుషులు నిలబడటమే.

అన్నిటికన్నా కష్టమైన చోటు వంతెన. కింద పడవ వెళ్లాలని కట్టిన పాత వంతెనలు ఎత్తుగా ఉంటాయి. గట్టు మీది దారి అక్కడ హఠాత్తుగా రోడ్డెక్కి, లారీల మధ్యకు తేలుతుంది. మీ దగ్గరున్న డబ్బులో పెద్ద భాగం ఇక్కడే పెట్టండి. ఒక మీటరు ఎత్తుకు పన్నెండు మీటర్ల పొడవున ర్యాంపు కావాలి. అంత చోటు లేకపోతే మెట్లు కట్టి, పక్కన సైకిలు చక్రం పట్టే గాడి వదలండి. మలుపుల దగ్గర, లాకుల దగ్గర రెయిలింగు తప్పనిసరి. ప్రతి రేవు దగ్గర ఒక పొడవాటి తాడు, గాలి కొట్టిన ట్యూబు వేలాడదీయండి. దొంగిలిస్తారని మానకండి, మళ్లీ కొనండి.

దీపాలు తక్కువ ఎత్తులో, వెలుగు నేల మీద పడేలా ఉండాలి. వరి పైరు ఉన్న రోజుల్లో దీపపు పురుగులు కళ్లలో పడి సైకిలు తొక్కనివ్వవు. దారికి రెండు వైపులా మీటరు మేర గడ్డి పొట్టిగా ఉంచితే పాము ముందే కనిపిస్తుంది.

చెట్లు గట్టు పైన, కాలువ వైపు వద్దు. చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి, ఆ బొరియల గుండా నీరు దారి చేసుకుంటుంది. బయటి వాలు అడుగున కానుగ, వేప, నేరేడు నాటండి. నిద్రగన్నేరు నీడ బాగుంటుంది గాని గాలివానకు పెద్ద కొమ్మలు విరుగుతాయి. కొబ్బరి చెట్టు కింద నుంచి దారి తీయకండి.

ఏడాది పొడవునా

దాళ్వా (రెండో పంట) ధాన్యం వచ్చేది, మీ మరమ్మతులకు అనువైనది ఒకే కాలం. రైతు ధాన్యం ఆరబోసుకోవడానికి గట్టు తప్ప చోటు లేదు. వాదన పెట్టుకోకండి. కోతలకు ముందే కూర్చుని ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ పక్కన అన్నది మాట్లాడుకోండి. బరకాల అంచులకు రాళ్లకు బదులు ఇసుక సంచులు పెట్టమనండి. చీకట్లో సైకిలు పడేది ఆ రాళ్ల మీదే. కార్తీకంలో తెల్లవారుజామునే స్నానాలకు, అరటి దొప్పల్లో దీపాలు వదలడానికి ఊరంతా గట్టు మీదకు వస్తుంది. అప్పటికి రేవుల పాచి గీకించి, దీపాలన్నీ వెలుగుతున్నాయో లేదో చూడాలి. తుపానులు వచ్చేదీ ఆ రోజుల్లోనే కనుక విరిగేలా ఉన్న కొమ్మలను ముందే కొట్టించండి.

దాతలు దొరుకుతారు, మన జిల్లాల్లో దానికి కొదవ లేదు. బల్లకు, ఆర్చికి డబ్బిస్తామంటారు. వాళ్లతో విడిగా కూర్చుని, గడ్డి కోసే మనిషికి అయిదేళ్ల కూలి ఇవ్వమని అడగండి. బోర్డు మీద పేరు దానికే రాయించండి.

జూన్‌లో నీళ్లు వదిలిన మొదటి వారం రోజూ బయటి వాలు వెంబడి నడవాలి. ఎలుకలు, పీతలు చేసిన బొరియలు అప్పుడే బయటపడతాయి. ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే వంగి చూడండి. ఊరే నీరు తేటగా ఉంటే పుల్ల పాతి గుర్తు పెట్టి, మర్నాడు మళ్లీ చూడండి. బురదగా వస్తుంటే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, గండికి ఎంతో సేపు పట్టదు. బయటి వైపు కన్నానికి మట్టి కుక్కకండి, నీరు మరో చోట తన్నుకొస్తుంది. నీరు దూరే చోటు లోపలి వైపు ఉంటుంది, ఇసుక బస్తాలు పడాల్సింది అక్కడ. ముందు మాత్రం లస్కరుకు, సెక్షన్ ఇంజినీరుకు ఫోను చేయండి. ఆ రెండు నంబర్లు దారి మొదట్లోనూ, ప్రతి వంతెన దగ్గరా పెద్ద అక్షరాలతో రాయించి, మనిషి మారినప్పుడల్లా అదే రోజు మార్పించండి.