సన్నబడే క్యాప్సూల్: నూనె మరకలు, తగ్గని నీరసం, గుండె దడ

సన్నబడాలని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్యాప్సూల్ చాలావరకు ఓర్లిస్టాటే. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఏ పేరున్నా సరే, వెనక్కి తిప్పి మందు పేరు, మిల్లీగ్రాములు చదవండి. 60, 120 రెండూ ఉంటాయి. అమెరికాలో 2007 నుంచి, ఐరోపాలో 2009 నుంచి చీటీ లేకుండా అమ్మనిచ్చింది 60 మాత్రమే. 120 డాక్టరు చూసి రాయాల్సిన మోతాదు, అందుకే 60 లేదని 120 చేతిలో పెడితే తీసుకోకండి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ మోతాదూ వాడకూడదు. భోజనంతో గానీ, తిన్న గంటలోపు గానీ ఒకటి, రోజుకు మూడుకు మించకుండా. తినని పూట క్యాప్సూల్ కూడా ఉండదు. ఇంతవరకు మీకు తెలుసనే అనుకుంటున్నాను.

లోదుస్తులకు నూనె మరక, ఆపుకోలేని విరేచనం

మందు వికటించిందని భయపడి ఆపేస్తారు. అది మందు చేయాల్సిన పనే. కొవ్వును అరిగించే లైపేజ్ ఎంజైమును ఇది పేగులోనే అడ్డుకుంటుంది. 60 మిల్లీగ్రాములైతే తిన్న కొవ్వులో దాదాపు నాలుగో వంతు అరగకుండా బయటికి పోతుంది. ఎక్కువ తింటే ఎక్కువ పోతుంది, మరకా పెద్దదవుతుంది. పూటకు 15 గ్రాముల కొవ్వు దాటకుండా చూసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

"మేం నూనె తక్కువే వాడతామండీ" అని అందరూ అంటారు. దయచేసి ప్యాకెట్లు లెక్కపెట్టండి. లీటరు ప్యాకెట్లో ఉండేది సుమారు 910 గ్రాముల నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు ఆరు ప్యాకెట్లయితే మనిషికి రోజుకు 45 గ్రాములు. అంటే మూడు పూటల కోటా నూనెతోనే నిండిపోయింది. ఇక పప్పన్నంలో నెయ్యి, పాలు, ఆవకాయ మీద తేలే నూనె, ఇడ్లీలోకి పల్లీ చట్నీ అన్నీ పైలెక్కే. పల్లీల్లో సగం దాకా కొవ్వే కాబట్టి గుప్పెడు పల్లీలతోనే దాదాపు 15 గ్రాములు వచ్చేస్తుంది. నెలకు నాలుగు ప్యాకెట్లకు దిగితే నూనె 30 గ్రాములకు వస్తుంది, మిగతావాటికి చోటు దొరుకుతుంది. పెళ్లి భోజనానికో బిర్యానీకో వెళ్తూ విరుగుడులా ఒక క్యాప్సూల్ వేసుకునే అలవాటు మాత్రం మానేయండి, ఎక్కువమంది ఇబ్బంది పడేది ఆ రోజే. మందు ఆపాక రెండు మూడు రోజుల్లో విరేచనం మామూలవుతుంది.

నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం, బరువు కదలకపోవడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఈ లక్షణాలు చూసి తిండి తగ్గిందనో, రక్తం తక్కువైందనో టానిక్ కొనేస్తారు. ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మీరు థైరాయిడ్ బిళ్ళ వేసుకుంటున్నారా?

ఓర్లిస్టాట్ దగ్గర దగ్గరగా పడితే థైరాయిడ్ బిళ్ళలో ఉండే మందు లెవోథైరాక్సిన్ పేగులోంచి రక్తంలోకి సరిగ్గా చేరకపోవచ్చు. రెండింటికీ మధ్య కనీసం 4 గంటలు ఉండాలి. మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి: పొద్దున ఆరున్నరకు పరగడుపున థైరాయిడ్ బిళ్ళ, ఎనిమిదికి టిఫిను, దాంతోపాటు క్యాప్సూల్. మధ్యలో గంటన్నరే.

పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, ఏళ్ల తరబడి వేసుకునే బిళ్ళ జనం దృష్టిలో మందే కాదు. "వేరే మందులేమైనా వాడుతున్నారా" అని అడిగితే లేదనే చెబుతారు. అటు విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో థైరాయిడ్ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు సన్నబడే క్యాప్సూల్ సంగతి చెప్పరు. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను తగ్గితే పెరిగే అంకె) పెరిగి కనిపిస్తుంది. ఆయన 75 మైక్రోగ్రాములను 100 చేస్తారు, ఆయన ముందున్న రిపోర్టును బట్టి అది సరైన పనే. మూడు నెలలకు మీరు క్యాప్సూల్ మానేస్తారు. ఇప్పుడు ఆ 100 పూర్తిగా ఒంటికి పడుతుంది. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి, దాన్ని గ్యాస్ అనుకుని ఇంకో మందు.

మోతాదు జోలికి వెళ్లకుండా ముందు వేళలు సరిచేయండి. థైరాయిడ్ బిళ్ళ పొద్దున ఆరున్నరకే ఉంచి, టిఫిను పూట క్యాప్సూల్ పూర్తిగా వదిలేయండి. ఆ పూట నెయ్యి, పల్లీ చట్నీ లేకుండా ఇడ్లీ తింటే దాంతో పనే లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి. థైరాయిడ్ బిళ్ళను రాత్రికి మారుద్దామనుకుంటే, ఎనిమిదికి క్యాప్సూల్ పడ్డాక అర్ధరాత్రి దాకా మేలుకోవాల్సిందే. కాల్షియం, ఐరన్ బిళ్ళలకూ థైరాయిడ్ బిళ్ళకూ కూడా ఇదే 4 గంటల ఎడం. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతోపాటే పోతాయి గనుక మల్టీవిటమిన్ పడుకునేముందు, చివరి క్యాప్సూల్‌కు కనీసం 2 గంటల తర్వాత వేసుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు అదే ల్యాబులో టీఎస్‌హెచ్ చేయించండి. క్యాప్సూల్ మొదలుపెట్టినా, ఆపినా ఆ తేదీ థైరాయిడ్ డాక్టరుకు చెప్పి తీరాలి.

గుండె దడ, నోరెండడం, నిద్ర పట్టకపోవడం

థైరాయిడ్ బిళ్ళ వాడనివాళ్లకు ఇవి వస్తే, క్యాప్సూల్‌తోపాటు ఇంట్లో ఉన్న "పూర్తిగా మూలికలే" అనే పొడినో టీనో అనుమానించండి. బరువు తగ్గించే ఇలాంటి సరుకులో సిబుట్రమిన్ కలిపి అమ్మడం పరీక్షల్లో పదే పదే బయటపడింది. బీపీ పెంచి గుండెకు ముప్పు తెచ్చే ఆ మందును మన దేశంలో 2011లోనే నిషేధించారు. డబ్బా మీద ఆ పేరు ఉండదు. వెంటనే ఆపి, బీపీ చూపించుకోండి. డబ్బా పారేయకుండా డాక్టరుకు చూపించండి.

మూడు నెలలైనా బరువు తగ్గలేదు

పూటకు 15 గ్రాముల కొవ్వులో నాలుగో వంతు పోతే ఒంటికి తగ్గేది 35 క్యాలరీల లోపు. మూడు పూటలకు కలిపి వంద. సాయంత్రం ఒక్క మిర్చి బజ్జీ దాన్ని తినేస్తుంది. అన్నం, చక్కెర మీద ఈ మందుకు పట్టే లేదు. తిండి తగ్గించినా 12 వారాల్లో తేడా రాకపోతే ఆపేసి డాక్టరును కలవండి, రెండేసి వేసుకోవద్దు.

మిగతావి

రక్తం పలచబడే మందులు, మూర్ఛ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదటి క్యాప్సూల్ కూడా వేసుకోకూడదు. షుగరు మందులు వాడేవాళ్లకు బరువు తగ్గేకొద్దీ మోతాదు మార్చాల్సి రావచ్చు. విరేచనాలు బాగా పట్టుకుంటే గర్భనిరోధక మాత్ర మీద ఆధారపడకండి. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, నడుము పక్కన తట్టుకోలేని నొప్పి అరుదు, కానీ వస్తే మందు ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.