స్పీడ్ బ్రేక్ ఒకవైపే లేస్తోందా? ముందు ఇవి చూడండి

చిన్న విమానాల్లో ఎలక్ట్రిక్ స్పీడ్ బ్రేకులకి (వేగం తగ్గించడానికి రెక్కల మీద పైకి లేచే పలకలు, ఆ పలకే బ్లేడ్) వచ్చే గొడవల్లో ఇదొకటి, స్విచ్ నొక్కితే ఒక రెక్క మీద బ్లేడ్ టక్కున లేస్తుంది, రెండోది సగంలో ఆగిపోతుంది. గాల్లో ఇలా అయితే వెంటనే లోపలికి వేసేయండి, మళ్ళీ మళ్ళీ ట్రై చేయొద్దు.

కింద దిగాక ముందు వోల్టేజ్ చూడండి, బ్యాటరీ డల్‌గా ఉంటే మంచి యూనిట్ (బ్లేడ్, దాన్ని లేపే మోటార్ కలిసిన భాగం) కూడా చెడిపోయినట్టే కనిపిస్తుంది. సర్క్యూట్ బ్రేకర్ పడిపోయి ఉంటే ఒక్కసారి నొక్కి చూడొచ్చు, మళ్ళీ పడిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, ఇంక ముట్టుకోకండి.

తర్వాత కరెంట్ రాకుండా సర్క్యూట్ బ్రేకర్ లాగేసి (వేళ్ళు జాగ్రత్త, బ్లేడ్ కత్తెరలా పడుతుంది) బ్లేడ్ సందులో టార్చ్ వేసి చూస్తే చాలాసార్లు దుమ్ము, ఎండిపోయిన గ్రీజు నల్లగా గడ్డకట్టి ఉంటుంది. క్లీన్ చేసి మాన్యువల్‌లో చెప్పిన లూబ్రికెంటే వేయండి, చేతికందింది కొట్టేస్తే ఇంకా దుమ్ము పడుతుంది.

అయినా కదలకపోతే, రెండు యూనిట్లదీ ఒకే పార్ట్ నంబర్ అయితే ఎడమది కుడికి మార్చి చూడండి, ప్రాబ్లం యూనిట్‌తో పాటు వెళ్తే తప్పు దానిదే, అక్కడే ఉంటే వైరింగో కనెక్టరో. విప్పే పని మాత్రం లైసెన్స్ ఉన్న మెకానిక్‌తోనే, లాగ్‌బుక్‌లో సంతకం కూడా పడాలి.